నాలుగో జ్వరం లేచాక

సిద్ధగంగ అన్నం మానేసి మూడు రోజులైంది. నాలుగో రోజు పొద్దున్నే బస్సెక్కి గిరియమ్మవ్వ దగ్గరికి వచ్చింది. ఇంకా చాలా రోజులు మానేయాలనుకుంటోంది. దానికి గురువు చేత సరే అనిపించుకోవాలి.

గిరియమ్మవ్వ ఆమెకు గురువు. గురువంటే కాషాయమూ లేదు, ఎత్తయిన కుర్చీ లేదు. మడకశిర దాటాక, కర్ణాటక సరిహద్దు దగ్గర ఎకరన్నర మల్బరీ తోట, తోట గట్టున ఒక రేకుల షెడ్డు, షెడ్డుకు ఆనుకుని ఒక గది. ఆ గదిలో సోమవారం సాయంత్రాలు పదిమంది చేరి తత్వాలు పాడుకునేవారు. మిగిలిన ఆరు రోజులూ అవ్వ పట్టుపురుగులకు ఆకు కోసుకునేది. కొత్తవాళ్లెవరైనా 'గురువుగారూ' అని పిలిస్తే, ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసేది.

గూళ్లను వేడినీళ్లలో వేసి పురుగుల్ని చంపేవాళ్లు గురువులేమిటని ఎత్తిపొడిచిన పెద్దమనుషులు లేకపోలేదు. వాళ్లకు సంగతి తెలియదు. అవ్వ పెంచేది పట్టు కోసం కాదు, విత్తనం కోసం. విత్తనం గూడును ఉడకబెట్టరు. లోపలి పురుగు సీతాకోకై బయటికి వచ్చి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లే రైతులకు మళ్లీ పంట. అవ్వ గూళ్లలో ఎక్కువ భాగం గుడ్లు తీసే కేంద్రానికి వెళ్లిపోయేవి. పిడికెడు మాత్రం తన దగ్గరే ఉంచుకుని, అవి బయటికి వచ్చేదాకా చూసుకుంటూ కూర్చునేది.

సిద్ధగంగకు ముప్పై నాలుగేళ్లు. పెళ్లయి పదకొండేళ్లు. మొగుడు కరియన్న పాల వ్యాన్ నడుపుతాడు, మంచివాడు. పిల్లలు లేరు. బెంగుళూరులో ఒక డాక్టరమ్మ దగ్గర రెండుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లూ నిలవలేదు. అండాలు బలంగా లేవని, మూడు నెలలు ఆగి ఆఖరుసారి చూద్దామని, అదీ కాకపోతే వేరేవాళ్ల అండం తీసుకోవడం గురించి ఆలోచించుకోమని డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. నెమ్మదిగా చెప్పినంత మాత్రాన మాట బరువు తగ్గదు. ఆ మూడు నెలల్లో అప్పటికి పద్దెనిమిది రోజులు గడిచాయి.

"ఏం పాపా, ఇట్లయిపోయినావు?" అంది అవ్వ, ఆమె చెయ్యి పట్టుకుని.

బెంగుళూరు నుంచి వచ్చినప్పటి నుంచీ సరిగా తినక చిక్కిన చేతి మీద గాజులు మోచేతి దాకా జారాయి. జారిపోకుండా సిద్ధగంగ వాటి కింద రబ్బరు బ్యాండు వేసుకుంది. అవ్వ ఆ రబ్బరు బ్యాండు వంక చూసి చెయ్యి వదిలేసింది.

"బాగుండా అవ్వా. ఒళ్లు తేలిగ్గా ఉండాది." సిద్ధగంగ చాప మీద కూర్చుంది. "ఒక మాట అడగాలని వచ్చినా. ఫోన్లో వీడియోలో ఒకాయన చెప్పినాడు. మన ఒళ్లంతా కణాలంట. తిండి పెట్టకుండా ఉంటే అవి వాటిలో ఉండే చెత్తనే తినేస్తాయంట. పాతదాన్నంతా కరిగించి కొత్తది చేసుకుంటాయంట. పెద్ద పెద్ద వాళ్లు కనిపెట్టినారంట. అండం గూడా కణమే కదవ్వా?"

"ఎన్ని రోజులు పెట్టకుండా ఉంటే?"

"అది చెప్పే లోపల మా ఆయన పిలిచినాడు, పోయినా."

వీడియో మూడు నిమిషాలు. ఆమె చూసింది రెండు నిమిషాలు. మూడో నిమిషంలో ఆయన ఏం చెప్పాడో ఆ దేవుడికే తెలియాలి. సిద్ధగంగ మాత్రం ఆ రెండు నిమిషాలనే పట్టుకుని బతుకుతోంది.

"నలభై ఎనిమిది రోజులు చేస్తా అవ్వా. రోజు మార్చి రోజు, ఒక పూట గంజి. అంతే. సోమవారం ఒక్కపొద్దు ఉండమని నువ్వే కదా నేర్పినావు. ఒక్కపొద్దే మంచిదైతే ఇది ఇంకా మంచిది కదా? నువ్వు సరే అంటే నాకు ధైర్యం."

తాను నేర్పినదే తనకు అప్పజెప్పిన శిష్యురాలి వైపు అవ్వ కాసేపు చూసింది. ఆ మాటలో కొంచెం గర్వం ఉంది. గర్వం కింద భయం ఉంది. అవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచి, "రా, పురుగుల తట్టలు చూద్దాం," అంది.

ఆ రోజు షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం నుంచి లేస్తున్నాయి.

జ్వరమంటే ఒళ్లు కాలే జ్వరం కాదు. పట్టుపురుగు పుట్టిన దగ్గర నుంచి గూడు కట్టేదాకా నాలుగుసార్లు తినడం మానేస్తుంది. తల పైకెత్తి, కదలకుండా ఒక రోజు ఉండిపోతుంది. ఆ తర్వాత పాత చర్మం విడిచి లేస్తుంది. దాన్నే ఆ వైపు జ్వరమంటారు. జ్వరంలో ఉన్న పురుగుకు ఆకు వేయకూడదు. లేచిన పురుగుకు ఆకు ఆపకూడదు. నాలుగో జ్వరం లేచాక ఏడెనిమిది రోజులు అది తినే తిండి చూస్తే భయమేస్తుంది. పుట్టినప్పటి నుంచి తిన్నదంతా ఒక ఎత్తు, ఆ వారం తినేది ఒక ఎత్తు.

అవ్వ ఒకే జాతి, ఒకే రోజు పుట్టిన పురుగుల్ని రెండు తట్టల్లో సమానంగా సర్దింది.

"ఇది నాది. అది నీది. నీ తట్టకు ఎట్ల పెట్టాలో నువ్వే చూసుకో, నేను అడ్డం రాను. ఇవి గుడ్లు పెట్టేదాకా నా దగ్గరే ఉండు. గుడ్లు పెట్టినాక నీ మాటకు జవాబు చెప్తా."

"అప్పటిదాకా నా ఒక్కపొద్దు?"

"నీ ఒళ్లు, నీ ఇష్టం."

సిద్ధగంగ కరియన్నకు ఫోన్ చేసి అవ్వ దగ్గర నెల రోజులు ఉంటానని చెప్పింది. ఆయన సరేనని, జాగ్రత్తగా తినమన్నాడు. ఆ రెండో మాట ఆమె వినిపించుకోలేదు.

సిద్ధగంగ పుట్టింది పురుగులు పెంచే ఇంట్లోనే. నడక రాకముందే ఆకు చప్పుడు విన్న పిల్ల. నాలుగో జ్వరం లేచిన ఐదో దశ పురుగుకు రోజుకు ఎన్నిసార్లు ఆకు వేయాలో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా ఆమె తెలిసినదాన్ని పక్కన పెట్టింది. మనిషికి లోపల బాధ ఎక్కువైతే తెలిసిన విషయాలే ముందు మాయమవుతాయి. అవి పట్టు కోసం పెంచేవాళ్ల లెక్కలు, విత్తనానికి కావాల్సింది కొవ్వు కాదు, శుద్ధి అనుకుంది. అవ్వ తనను పరీక్షిస్తోందని కూడా అనుకుంది. తాను నమ్మింది తన తట్టలోనే చేయలేకపోతే ఇంక తన ఒంట్లో ఎలా చేస్తుంది?

తను గంజి తాగిన రోజు తన తట్టకు ఒకసారి ఆకు వేసింది. తాగని రోజు వేయలేదు.

అవ్వ తన తట్టకు రోజుకు నాలుగుసార్లు వేసేది. వేసిన వెంటనే రేకు మీద సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు మొదలయ్యేది. ఆ చప్పుడు ఆగిన చోట సిద్ధగంగ తట్ట ఉండేది.

రెండో రోజు మధ్యాహ్నం సిద్ధగంగ అవ్వను పిలిచింది. ఆమె ముఖంలో చాలా రోజులకు వెలుగు కనిపించింది.

"చూడవ్వా. అన్నీ తల ఎత్తినాయి. జ్వరంలో ఉన్నట్టే ఉండాయి. ధ్యానం చేస్తాండాయి."

అవ్వ కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది. పురుగులు తల ఎత్తిన మాట నిజమే. కానీ అవి కదలకుండా లేవు. తట్ట అంచు దాకా పాకి, తలను అటూ ఇటూ తిప్పి, మళ్లీ వెనక్కి వస్తున్నాయి.

"ఎతుకుతాండాయి," అంది అవ్వ.

ఆ ఒక్క మాటే అని, తన బుట్టలోని ఆకుతో అక్కడే కాసేపు నిలబడింది. గుప్పెడు వేస్తే తీరిపోయేది. అడ్డం రానని మాట ఇచ్చింది కాబట్టి బుట్ట పట్టుకుని వెళ్లిపోయింది.

సిద్ధగంగకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ సాయంత్రం కొంచెం ఆకు వేసింది. తెల్లారాక తన బలహీనతకు తనే సిగ్గుపడి మళ్లీ ఆపేసింది.

ఇద్దరూ కలిసి ఆకు కోసేవారు. సిద్ధగంగ నాలుగు మొక్కలు కోసి ఒకసారి కూర్చునేది. కళ్ల ముందు మసకలు కమ్మితే, ఎండ అని చెప్పేది. ఎండ అంత ఎక్కువగా లేదు. అవ్వ ఆమె పక్కన నీళ్ల చెంబు పెట్టి, తన పనిలో తను ఉండేది.

ఒక రోజు అలా కూర్చున్నప్పుడే సిద్ధగంగ తనంతట తానే చెప్పింది.

"మా ఆడబిడ్డ కొడుకుకు పేరు పెట్టినారు అవ్వా, పోయిన నెల. ఉయ్యాల్లో పండబెట్టేటప్పుడు నేనూ చెయ్యి వేయబోయినా. నువ్వు కొంచెం అవతల నిలబడు తల్లీ అనింది వాళ్ల పెద్దమ్మ. తల్లీ అనే అనింది. ప్రేమగానే అనింది." ఆకు కొడవలి ఒళ్లో పెట్టుకుని దాని వైపు చూస్తూ కూర్చుంది. "నాలో ఏదో చెత్త ఉండాదవ్వా. అది పోవాల."

"డాక్టరమ్మ చెప్పిందా, చెత్త ఉండాదని?"

"లేదు. వయసనింది. ఒకొక్కరికి ఇట్లనే ఉంటాదనింది, కారణం తెలియదనింది. మాత్రలు రాసింది. బాగా తినమనింది."

"బాగా తినమనిందా?"

"అందరికీ అట్లే చెప్తార్లే అవ్వా."

అవ్వకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి, కొంగుతో ఆమె మెడ మీది చెమట తుడిచింది.

సిద్ధగంగ తట్ట పురుగులు ఒకటిన్నర రోజు ముందే పండాయి. ఒళ్లు పసుపు తిరిగి, గూడు కట్టడానికి చోటు కోసం పైకి పాకడం మొదలుపెట్టాయి. సిద్ధగంగ వాటిని ఒక్కొక్కటిగా తీసి, గూడు కట్టే వెదురు చంద్రికల మీద వదిలింది.

"నావి ముందు ఎక్కినాయవ్వా," అంది. బడిలో ముందు లెక్క చేసిన పిల్ల గొంతు అది.

"ముందే ఎక్కినాయి," అంది అవ్వ.

మూడు రోజులకు గూళ్లు తయారయ్యాయి. అవ్వ రెండు వైపులవీ ఒక్కో గూడు తీసి ఆమె చేతుల్లో పెట్టింది. అవ్వ గూడు వేలితో నొక్కితే లొంగలేదు. సిద్ధగంగ గూడు లొంగింది. ఆమె వెంటనే వేలు తీసేసింది.

"గూడు పలచగుంటే ఏం అవ్వా? మనకు కావాల్సింది పట్టు కాదు కదా."

"కాదు."

"లోపల ఇప్పుడు ఏం చేస్తాండాది?"

"పాత ఇల్లు పడగొట్టి కొత్త ఇల్లు కట్టుకుంటాండాది. కాళ్లు, పట్టు తీసే తిత్తి, ఒంట్లో దాచుకున్నదీ అంతా కరిగించుకుంటాది. దాంతోనే రెక్కలు. దాంతోనే గుడ్లు. ఇంక బయటినుంచి ఏమీ రాదు దానికి."

సిద్ధగంగ కళ్లు మెరిశాయి. "నేను చెప్పింది అదే కదవ్వా. పాతదాన్ని తినేసి కొత్తది చేసుకుంటాది. తిండి లేకుండానే."

"అదే," అంది అవ్వ. గూళ్లను రెండు బుట్టల్లో విడివిడిగా సర్దుతూ, ఇంకో మాట అంది. "పడగొట్టేదానికి ముందు ఇల్లంటూ ఉండాల కదా పాపా."

ఆ రోజు సిద్ధగంగ గంజి రోజు కాదు. అయినా వంటగది గడప దాకా వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, మళ్లీ వెనక్కి వచ్చేసింది. అవ్వ అది చూసింది.

పది పన్నెండు రోజులు ఎదురుచూడటం తప్ప పని లేదు. సోమవారాలు వచ్చినవాళ్లతో కలిసి తత్వాలు పాడారు. సిద్ధగంగ గొంతు మంచిది. కానీ ఈసారి పొడుగు రాగం వచ్చేచోట ఊపిరి అందక ఆపేసింది. పక్కవాళ్లు అందుకున్నారు. అవ్వ తాళం వేస్తూనే ఉంది.

ఒక తెల్లవారుజామున గూళ్లు లోపలి నుంచి తడిసి, చిల్లులు పడి, సీతాకోకలు బయటికి రావడం మొదలైంది. సిద్ధగంగ అందరికంటే ముందు లేచి బుట్టల దగ్గర కూర్చుంది. ఆమె బుట్టలోవి కూడా వచ్చాయి. అన్నీ రాలేదు గానీ చాలావరకు వచ్చాయి. తెల్లగా, ముద్దుగా ఉన్నాయి. ఒకదాన్ని అరచేతిలోకి ఎక్కించుకుని ఆమె ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది.

"వచ్చినాయి అవ్వా. ఏం తక్కువ లేదు వీటికి."

అవ్వ తన బుట్టలోని ఒక ఆడదాన్ని తీసి ఆమె రెండో అరచేతిలో పెట్టింది. సిద్ధగంగ రెండు చేతులూ ఒకసారి పైకీ కిందికీ కదిపింది. ఒక చేతిలో బరువు తెలుస్తోంది. ఇంకో చేతిలో ఏమీ ఉన్నట్టు లేదు.

"ఇవి ఏం తింటాయి అవ్వా?"

"ఏం తినవు. తినేదానికి నోరు పనికిరాదు. ఈ జన్మకు తినాల్సింది పురుగప్పుడే తినేసింది."

మగవి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ ఆడవాటిని చేరాయి. మధ్యాహ్నానికి అవ్వ వాటిని విడదీసి, ఆడవాటిని తెల్ల కాగితాల మీద ఉంచి, ఒక్కోదాని మీద చిన్న గిన్నె బోర్లించింది. అవ్వవి ఒక కాగితం మీద, సిద్ధగంగవి ఇంకో కాగితం మీద.

"రేపు తీద్దాం," అంది.

మర్నాడు పొద్దున గిన్నెలు ఎత్తారు. అవ్వ కాగితం మీద గిన్నె గిన్నెకీ ఒక గుండ్రటి బిళ్ల. గుడ్డు పక్కన గుడ్డు, ఆవాలు పోసినట్టు సందు లేకుండా. వాటి తల్లులు పని అయిపోయి ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి.

సిద్ధగంగ కాగితం మీద గుడ్లు ఉన్నాయి. లేకపోలేదు. ఒక చోట ఇరవై, ఒక చోట పాతిక, మధ్యలో ఖాళీ, మళ్లీ నాలుగు. ఒక తల్లి ఇంకా తిరుగుతోంది. కాగితం మీద ఖాళీగా ఉన్న చోటికి వెళ్లడం, పొట్ట చివర ఆనించడం, ఏమీ రాకపోతే ఇంకో చోటికి జరగడం. ఆనించడం, జరగడం. సిద్ధగంగ దాన్నే చూస్తూ కూర్చుంది. పొద్దెక్కి, అవ్వ తోటకు వెళ్లి వచ్చేదాకా అక్కడే ఉంది. అప్పటికీ అది తిరుగుతూనే ఉంది. గుడ్లు ఇంక రాలేదు.

అవ్వ కాగితాల్ని చల్లటి మూలలో వేలాడదీసింది. "మూడు రోజులు ఆగు," అంది. ప్రాణం పోసుకున్న గుడ్డు పసుపు పోయి బూడిద రంగుకు తిరుగుతుంది. పోసుకోనిది పసుపుగానే ఉండి, తర్వాత నొక్కుకుపోతుంది. ఆ సంగతి సిద్ధగంగకూ తెలుసు.

మూడో రోజు అవ్వ కాగితం మొత్తం ముదురు బూడిద రంగులో ఉంది. సిద్ధగంగ కాగితం మీద దాదాపు సగం పసుపు. ఆమె ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూసింది. తర్వాత నేల మీద పరిచి, బూడిద రంగు గుడ్ల మీదుగా వేలితో తాకకుండా గీత గీసినట్టు చూపిస్తూ వెళ్లింది. పసుపు వచ్చిన చోటల్లా వేలు ఆగిపోయింది.

అవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"నేనే చేసినా అవ్వా." సిద్ధగంగ వేలు పసుపు గుడ్ల దగ్గరే ఆగి ఉంది. "అవి తల ఎత్తి ఎతుకుతా ఉంటే, ధ్యానమని చెప్పినా. నువ్వు రోజుకు నాలుగుసార్లు పెడతాంటే, నేను చూస్తా కూర్చున్నా. పెడితే తినేటివి. అంతే కదా వాటికి కావాల్సింది. ఎంత ఆశగా పాకినాయో అంచు దాకా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అవేం తప్పు చేసినాయి అవ్వా? ఏం తప్పు చేసినాయని నేను వాటికి ఆకు పెట్టలేదు?"

అవ్వ ఆ కాగితాన్ని నేల మీద నుంచి తీసి, దుమ్ము ఊది, తన కాగితం పక్కనే మళ్లీ వేలాడదీసింది.

"రంగు తిరిగినవి పగిలి పురుగులొస్తాయి," అంది. "వాటికి ఆకు మనం పెడదాం."

తర్వాత వంటగదిలోకి వెళ్లింది. గిన్నె చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో కంచం ఉంది. వేడి రాగి సంగటి ముద్ద, దాని గుంటలో నెయ్యి, పక్కన అలసందల పులుసు. కంచాన్ని సిద్ధగంగ ముందు పెట్టి ఆమె ఎదురుగా కూర్చుంది.

అది సిద్ధగంగ గంజి రోజు కాదు. ఆమె కంచాన్ని కొంచెం అవతలికి జరపబోయింది.

"గుడ్లు పెట్టినాక జవాబు చెప్తా అన్నా కదా," అంది అవ్వ.

సిద్ధగంగ తల ఎత్తింది.

"నువ్వేం తప్పు చేసినావు పాపా?"

సిద్ధగంగ నోరు తెరిచింది. పదకొండేళ్లుగా ఆమె దగ్గర ఆ ప్రశ్నకు చాలా జవాబులు ఉన్నాయి. రోజుకు ఒకటి చొప్పున తనకు తనే చెప్పుకుంటూ వచ్చింది. ఒక్కటి చెప్పినా అవ్వ వింటుంది, కాదనదు. కానీ తన తడి కళ్లకు ఎదురుగా వేలాడుతున్న కాగితం కనిపించింది, గాజుల కింద రబ్బరు బ్యాండు కనిపించింది. అవతలికి జరపబోయిన కంచాన్ని మళ్లీ దగ్గరికి లాక్కుంది.

సంగటి మీద నెయ్యి కరిగి పక్కకు జారింది.

ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేచింది. గోడ పట్టుకుని నడిచింది. వచ్చి కూర్చుని, చిన్న ముద్ద విరిచి, పులుసులో అద్ది, మింగింది. మొదటి ముద్ద గొంతులో ఆగింది. అవ్వ నీళ్ల చెంబు దగ్గరికి జరిపింది. రెండోది దిగింది. ఆ తర్వాత ఆమె ఏడుస్తూనే తింది. ముక్కు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు.

షెడ్డులో ఈ మధ్యే తెచ్చిన కొత్త పురుగులకు ఆకు వేసే వేళయింది. తట్టల్లో అలికిడి మొదలైంది. అయినా అవ్వ లేవలేదు.

కంచం ఖాళీ అయ్యేసరికి గిన్నెలోంచి ఇంకో ముద్ద తీసి కంచంలో పెట్టింది. పెట్టేటప్పుడు అవ్వ అడగలేదు. సిద్ధగంగ వద్దనలేదు.